‘పని చెయ్యట్లేదు’ అంటే చాలదు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ గురించి, అంటే లోపలి కోడు ఎవరైనా చూసుకునేలా, మార్చుకునేలా బయటపెట్టిన సాఫ్ట్‌వేర్ గురించి రెండు ముక్కలు రాస్తే, ఈసారి ఉత్తరాలన్నీ ఒడిశా వైపు నుంచే వచ్చాయి. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, బరంపురం. అందరి బాధా దాదాపు ఒకటే, సాఫ్ట్‌వేర్‌లో తప్పు (దాన్నే బగ్గు అంటారు) కంటికి కనబడుతోంది, ఎవరికి చెప్పాలో తెలియట్లేదు. నేనూ ఆ పక్క నుంచి వచ్చినవాణ్ణే కాబట్టి కాస్త ఎక్కువ చోటు తీసుకుంటున్నాను, ఎడిటరుగారు క్షమించాలి.

ప్రశ్న: సార్, నాది జిరాక్సు, డీటీపీ షాపు. శుభలేఖలు ఒకవైపు తెలుగు, ఒకవైపు ఒడియా వేస్తాం. ఈమధ్య ఫ్రీగా దొరికే ఆఫీసు సాఫ్ట్‌వేర్‌కి మారాను. స్క్రీన్ మీద అంతా బాగుంటుంది, పీడీఎఫ్ చేస్తే మాత్రం తెలుగు వత్తులు పక్కకి జరిగిపోతున్నాయి. ఒడియాకి ఏమీ కావట్లేదు. పెళ్ళికూతురి పేరే తప్పు పడి, 300 కార్డులు మళ్ళీ నా చేతి డబ్బుతో వేసిచ్చాను. ఎవరికి చెప్పుకోవాలి? నాకు ప్రోగ్రామింగ్ రాదు, ఇంగ్లీషు అంతంతమాత్రం. అయినా ఫ్రీగా వాడుకుంటూ వంక పెట్టడం బాగుంటుందా? (డీటీపీ షాపు యజమాని, పర్లాకిమిడి)

జవాబు: ముందు మీ మొహమాటం సంగతి. పెళ్ళి భోజనంలో పులుసులో ఉప్పు లేదనుకోండి, ఊరికే పెడుతున్నారు కదా అని నోరు మూసుకుంటే వెనక బంతివాళ్ళకి కూడా అదే పులుసు పడుతుంది. వడ్డించేవాడి చెవిలో ఒక మాట వేస్తే ఎవరికీ నష్టం లేదు. మొహం మీద కేకలెయ్యకండి, అంతే.

మీరు ఉత్తరంలో సాఫ్ట్‌వేర్ పేరు రాశారు, నేను తీసేశాను. తప్పు దానిదేనని ఇంకా తేలలేదుగా. తేల్చే పని మీ షాపులో కూర్చునే చెయ్యొచ్చు, అరగంట చాలు. మొదట ఆ తెలుగు మాటని కాపీ చేసి ఫోన్‌లో ఎవరికైనా మెసేజ్‌గా పంపండి. అక్కడ పిచ్చి గీతలు, ఇంగ్లీషు అక్షరాలు కనబడితే మీరు టైపు చేసింది పాత అను ఫాంట్ల పద్ధతి, యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా, ఫోన్‌లోనైనా ఒకేలా చదివే అక్షరాల పద్ధతి) కాదు, కాబట్టి ఇక్కడితో ఆపెయ్యండి, ఇది బగ్గు కిందకి రాదు. తెలుగుగానే కనబడితే, ఆ పీడీఎఫ్‌ని ఇంకోచోట తెరవండి, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌లోనో ఫోన్‌లోనో. అక్కడ వత్తు సరిగ్గా ఉందంటే తప్పు పీడీఎఫ్ చూపించే ప్రోగ్రాముది. రెండుచోట్లా జరిగి ఉంటే అప్పుడు ఫాంటు మార్చి మళ్ళీ పీడీఎఫ్ చెయ్యండి. ఒక్క ఫాంటులోనే జరుగుతుంటే ముందు అనుమానించాల్సింది ఆ ఫాంటుని, అన్ని ఫాంట్లలోనూ జరుగుతుంటే సాఫ్ట్‌వేర్‌ని.

ఎందుకిన్ని తిప్పలు అంటే, ‘లక్ష్మీ’ అని మనకి రెండక్షరాలుగా కనబడే మాట కంప్యూటర్ లోపల ఏడు ముక్కలు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, చివర గుడి దీర్ఘం. ఈ ఏడింటినీ కలిపి ఏ వత్తు ఎక్కడ కూర్చోవాలో తేల్చేది ఇంకో ప్రోగ్రాము. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, లిబ్రెఆఫీస్ (ఫ్రీగా దొరికే ఆఫీసు సాఫ్ట్‌వేర్), ఆండ్రాయిడ్ అన్నింట్లోనూ ఈ పని చేసేది హర్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ ఇంజిన్ (పేరు పారసీ మాట, ‘ఓపెన్ టైప్’ అని అర్థం). ఫాంటులో కొన్ని నియమాలు, ఇంజిన్‌లో కొన్ని, పీడీఎఫ్ రాసే భాగంలో కొన్ని. ఈ మూడిళ్ళలో ఏ ఇంటి తలుపు కొట్టాలో మీ అరగంట పరీక్షే చెబుతుంది. పైగా ఒడియాకి ఏమీ కావట్లేదన్నారు చూడండి, ఆ ఒక్క ముక్క చాలా విలువైంది, బగ్ రిపోర్టులో, అంటే సాఫ్ట్‌వేర్ చేసినవాళ్ళకి ఆ తప్పు గురించి రాసే ఉత్తరంలో, తప్పకుండా రాయండి. ఒకే పేజీలో తెలుగు, ఒడియా, ఇంగ్లీషు మూడూ పెట్టి ప్రింటు తీసేవాళ్ళు ఎక్కడుంటారు, మన బోర్డరు ఊళ్ళలో తప్ప? ఆ సాఫ్ట్‌వేర్ రాసినవాడు ఏ జర్మనీలోనో కూర్చుని ఉంటాడు, వాడికి ఇలాంటి కాగితం ఒకటుంటుందని కలలో కూడా తట్టదు.

ఒక తెలుగక్షరం ఏపాటిదిలే అనుకునేవాళ్ళకి 2018 ఫిబ్రవరి గుర్తుచేస్తాను. ‘జ్ఞా’ మధ్యలో కంటికి కనబడని ఒక గుర్తు పడితే చాలు, ఆ మెసేజ్ అందుకున్న ఐఫోన్‌లో యాప్‌లు కుప్పకూలేవి. ప్రపంచమంతా మన అక్షరం పేరు చెప్పుకుని భయపడింది, ఆపిల్ అదే నెలలో ఐఓఎస్ 11.2.6 వదిలి సర్దుకుంది. అది ఓపెన్ సోర్స్ కథ కాదనుకోండి, కానీ తెలుగు వత్తు ఎంత పని చెయ్యగలదో తెలుస్తుంది.

ఇప్పుడు అసలు పని. శుభలేఖ ఫైలుకి ఒక కాపీ తీసుకుని అందులో సగం చెరిపేసి పీడీఎఫ్ చెయ్యండి. తప్పు ఇంకా ఉందా? మిగిలినదాంట్లో మళ్ళీ సగం తీసెయ్యండి. తప్పు పోయిందా? తీసేసిన సగం వెనక్కి తెచ్చి, రెండో సగం తీసి చూడండి. ఇలా కోసుకుంటూ పోతే చివరికి ఒక మాట మిగులుతుంది. నాలుగు పేజీల ఫైలు పంపితే తెరిచి చూసే ఓపిక ఎవరికీ ఉండదు, ఒక్క మాటున్న ఫైలు పంపితే చూడకుండా ఉండలేరు. పైగా పెళ్ళివారి ఫోన్ నంబర్లు లోకమంతా తిరగవు.

రాసేటప్పుడు మా ఇంటికి దారి చెప్పినట్టు రాయండి. ‘మా ఇల్లు పర్లాకిమిడిలోనే’ అంటే వచ్చేవాడు ఏమవుతాడు? నౌపడాలో గుణుపురం బండి ఎక్కి, పాతపట్నం దాటాక దిగి, స్టేషను బయట ఫలానా వైపు తిరిగి అని చెబితే కళ్ళు మూసుకుని వస్తాడు. మీ రిపోర్టు ఇలా ఉంటే నేనైతే మార్కులు పూర్తిగా వేస్తాను:

‘పీడీఎఫ్‌లో “లక్ష్మీ” అన్న మాటలో మ వత్తు కుడిపక్కకి జరుగుతోంది, స్క్రీన్ మీద సరిగ్గానే ఉంది. కొత్త డాక్యుమెంటు తెరిచాను. ఫలానా ఫాంటు, సైజు 24 పెట్టి ఆ ఒక్క మాట టైపు చేశాను. ఫైల్ మెనూలోంచి పీడీఎఫ్‌గా ఎక్స్‌పోర్ట్ చేశాను. వత్తు అక్షరం కిందే ఉండాలి, కానీ అక్షరం దాటి పక్కనున్న ఖాళీలోకి పోయింది. పదిసార్లు చేస్తే పదిసార్లూ ఇంతే. రెండు వేరే ప్రోగ్రాముల్లో తెరిచి చూశాను. వేరే ఫాంటు పెడితే రావట్లేదు. ఒడియాకి ఈ ఇబ్బంది లేదు. సాఫ్ట్‌వేర్ వెర్షన్ ఇది, కంప్యూటర్‌లో ఉన్నది ఇది. ఫైలు, పీడీఎఫ్, స్క్రీన్‌షాట్ జత చేశాను.’

ఇంతే. ఇందులో ప్రోగ్రామింగ్ ఎక్కడుంది చెప్పండి? ఇంగ్లీషు రాదని బెంగ అక్కర్లేదు, ఇలాంటి పొట్టి వాక్యాలు తెలుగులో రాసుకుని ఫోన్‌లో ట్రాన్స్‌లేట్ చేసి పెట్టినా అవతలివాడికి అర్థమైపోతుంది, వాళ్ళలో సగంమందికి ఇంగ్లీషు ఇంటిభాష కాదు. నేను మొదటిసారి రాసినప్పుడు ‘తెలుగు నాట్ వర్కింగ్, ప్లీజ్ ఫిక్స్, వెరీ అర్జెంట్’ అని రాశాను. ‘ఏ వెర్షన్?’ అని ఒకే ఒక్క మాట జవాబొచ్చింది. ఎంత పొగరు అనుకుని నెల రోజులు అలిగి కూర్చున్నాను. తర్వాత ఆలోచిస్తే, పాపం వాడు ఇంకేం అడగగలడు నన్ను?

ఎక్కడ రాయాలి అన్నారు. లిబ్రెఆఫీస్ అయితే హెల్ప్ మెనూలో సెండ్ ఫీడ్‌బ్యాక్ నొక్కండి, బగ్గులు రాసే చోటికి అదే తీసుకెళ్తుంది, ఈమెయిల్‌తో ఒక ఖాతా తెరిస్తే చాలు. అదే మెనూలో అబౌట్ తెరిస్తే వెర్షన్ వివరాలన్నీ ఒక్క నొక్కుతో కాపీ అవుతాయి, నా కంటితో చూసి రాసుకుని ఒక అంకె తప్పు వేసిన సందర్భాలున్నాయి కాబట్టి కాపీయే చెయ్యండి. రాసేముందు హెల్ప్‌లోనే సేఫ్ మోడ్‌లో రీస్టార్ట్ చేసి ఒకసారి చూడండి, మీ సెట్టింగుల వల్ల వచ్చిన తిప్పలైతే అక్కడ తప్పు కనబడదు. ఫైర్‌ఫాక్స్‌కి కూడా హెల్ప్‌లో ట్రబుల్‌షూట్ మోడ్ ఉంది, వాళ్ళ బగ్గులు రాసేది బగ్‌జిల్లా అనే సైట్‌లో. ఫాంటుదే తప్పని తేలితే గిట్‌హబ్‌లో (ఓపెన్ సోర్స్ కోడు పెట్టుకునే సైటు) దాని పేజీలో ఇష్యూస్ అన్నచోట.

రేపే బాగైపోతుందని మాత్రం చెప్పలేను. వారంలో కావచ్చు, రెండేళ్ళు కావచ్చు, చాలామంది ఖాళీ దొరికినప్పుడు చేసేవాళ్ళే. ఈలోగా మీ గిరాకీ ఆగకూడదు, తప్పు రాని ఫాంటుకి మారిపోండి, ప్రూఫు మాత్రం స్క్రీన్ మీద కాకుండా పీడీఎఫ్ చేశాకే పెళ్ళివారికి చూపించండి.

ప్రశ్న: నేను డిగ్రీ రెండో సంవత్సరం. ఫోన్‌లో వాడే ఒక ఓపెన్ సోర్స్ కీబోర్డు యాప్‌లో తప్పు కనిపెట్టి గిట్‌హబ్‌లో రాశాను. ఒక్కరోజులో ‘డూప్లికేట్’ అని మూసేశారు. మా అన్నయ్య చూసి ఒకటే నవ్వు. నేను చేసింది వేస్టేనా? (విద్యార్థిని, గుణుపురం)

జవాబు: మీ అన్నయ్యని కూడా ఒక బగ్గు రాయమనండి, అప్పుడు నవ్వమనండి. డూప్లికేట్ అంటే ఈ సంగతి ఇంతకుముందే ఇంకొకరు చెప్పారు అని, అంటే మీ కన్ను సరిగ్గానే పట్టింది. మూసేస్తూ పాత దాని నంబరు ఇచ్చి ఉంటారు, దాంట్లోకి వెళ్ళి చదవండి. మీ ఫోన్ మోడల్‌లోనో, మీ ఆండ్రాయిడ్ వెర్షన్‌లోనో కూడా వస్తోందని అక్కడ లేకపోతే ఆ ముక్క చేర్చండి. కొత్తగా చెప్పేదేమీ లేకపోతే బొటనవేలు గుర్తు నొక్కి ఊరుకోండి. ఒకప్పుడు ‘నాకూ అంతే’, ‘నాకూ అంతే’ అని వందల కామెంట్లు పడి అసలు మాట కొట్టుకుపోయేది, ఆ గోల భరించలేకే 2016లో గిట్‌హబ్ ఆ గుర్తులు పెట్టింది.

ఈసారి రాసేముందు వెతకండి. తప్పుని ఎవరు ఏ మాటతో పిలుస్తారో తెలియదు కాబట్టి రెండు మూడు రకాలుగా వెతకాలి, మూసేసిన వాటిలో కూడా. దొరక్కపోతే ధైర్యంగా రాసెయ్యండి, డూప్లికేట్ అయినా కొంపలేం మునగవు.

ఇంకా రకరకాల ముద్రలు పడుతుంటాయి, చూసి హడలిపోకండి. ‘నీడ్ ఇన్ఫో’ అంటే మీ దగ్గర్నుంచి ఏదో అడుగుతున్నారని, బంతి మీ చేతిలో ఉందని. దీనికి జవాబివ్వకుండా వదిలేస్తే కొన్నాళ్ళకి మూసేస్తారు, మంచి రిపోర్టులు ఎక్కువగా చచ్చిపోయేది ఇక్కడే. ‘వర్క్స్ ఫర్ మీ’ అంటే వాళ్ళ దగ్గర తప్పు రావట్లేదు, మీరు అబద్ధం చెప్పారని కాదు, దారిలో ఒక మలుపు చెప్పడం మరిచారని. ‘వోంట్ ఫిక్స్’ అంటే తెలుసు గానీ మార్చం అని, దాంతో వాదన పెట్టుకుంటే మీ పరీక్షలు పోతాయి, వదిలెయ్యండి.

ఇంకో పని కూడా ఉంది, ఇది నాకు చాలా ఇష్టం. వేరేవాళ్ళు రాసిన పాత బగ్గులు తీసి, కొత్త వెర్షన్‌లో ఇంకా వస్తోందా లేదా అని చూసి ఒక లైను రాయడం. లిబ్రెఆఫీస్‌లో ఎవరూ పరీక్షించని రిపోర్టుల మీద ‘అన్‌కన్‌ఫర్మ్‌డ్’ అని ఉంటుంది, ఇంకొకరు చేసి చూసి నిజమే అన్నాకే అది ‘న్యూ’ అవుతుంది. ఆ ఇంకొకరు మీరు కావచ్చు. సాయంత్రం కాలేజీ అయ్యాక అరగంట, ఫోన్‌లో రీల్స్ చూసే టైమే.

ప్రశ్న: మా కరెంటు బిల్లు యాప్ నెలకోసారి ఎగనామం పెడుతుంది. దీనికీ ఇలాగే రాయొచ్చా? (గృహిణి, జయపురం)

జవాబు: లేదమ్మా. దాని కోడు వాళ్ళ బీరువాలో ఉంది, బగ్గుల పుస్తకం బయట పెట్టరు. కస్టమర్ కేర్‌కే రాయాలి. కాకపోతే పైన శుభలేఖల ఆయనకి చెప్పిన పద్ధతిలోనే రాసి చూడండి, ఏ తేదీన, ఏది నొక్కితే, ఏ మాట వచ్చిందో స్క్రీన్‌షాట్‌తో సహా. కాగితం అలా ఉంటే పక్కన పడెయ్యడం వాళ్ళకీ కొంచెం కష్టమే.

ప్రశ్న: బగ్ రిపోర్టుతో పాటు లాగ్ ఫైలు, స్క్రీన్‌షాట్ పెట్టమంటున్నారు. అందులో మన వివరాలుంటాయి కదా, ఊరందరికీ చూపించడం ప్రమాదం కాదా? నాకు ఇదొక టెన్షన్. (రిటైర్డ్ టీచర్, బరంపురం)

జవాబు: టెన్షన్ పడాల్సిన విషయమే, మాస్టారూ. అక్కడ పెట్టింది లోకమంతా చూస్తుంది, ఈమెయిళ్ళలో పదిమందికి కాపీలు పోతాయి, తర్వాత చెరిపినా పూర్తిగా పోయినట్టు కాదు. స్క్రీన్‌షాట్ తీసేముందు పక్కన తెరిచి ఉన్న వాట్సాప్, పైన కనబడే ఈమెయిల్, వెనక బ్యాంకు పేజీ అన్నీ మూసెయ్యండి, కావలసిన ముక్క మాత్రం కత్తిరించుకోండి. ఆధార్ నంబరు మీద పల్చటి గీత గీసి వదిలేస్తారు కొందరు, కింద నుంచి చదివేయొచ్చు, పూర్తిగా నల్లరంగు పుయ్యాలి. లాగ్ ఫైలంటే ప్రోగ్రాము రాసుకునే రోజుచిట్టా, అందులో కంప్యూటర్‌లో మీ యూజర్ పేరు, ఫోల్డర్ల పేర్లు పడుతుంటాయి. పంపేముందు నోట్‌ప్యాడ్‌లో తెరిచి మీ పేరుతో వెతికి మార్చెయ్యండి. బగ్గుల కోసం వేరే ఈమెయిల్ ఒకటి పెట్టుకుంటే ఇంకా హాయి.

ఇంకో రకం ఉంది, దాన్ని అసలు బయట రాయకూడదు. పాస్‌వర్డ్ అడక్కుండానే ఎవరిదో ఖాతా తెరుచుకుంది, ఒకరి ఫైలు ఇంకొకరికి కనబడింది, ఇలాంటివి. అందరికీ కనబడేలా రాస్తే బాగుచేసేలోపే దొంగకి దారి చూపించినట్టే. పెద్ద ప్రాజెక్టులకి మామూలుగా సెక్యూరిటీ కోసం వేరే ఈమెయిల్ ఉంటుంది, గిట్‌హబ్‌లో సెక్యూరిటీ అన్న ట్యాబ్ చూడండి, బగ్‌జిల్లాలో అయితే సెక్యూరిటీ బగ్గు అని టిక్ పెట్టి దాచొచ్చు.

2024 మార్చిలో జరిగింది మీలాంటి జాగ్రత్తపరులకి నచ్చుతుంది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అని మైక్రోసాఫ్ట్‌లో ఇంజినీరు, వేరే పనేదో పరీక్షిస్తుంటే దూరంగా ఉన్న కంప్యూటర్‌లోకి లాగిన్ అవడానికి మామూలుకంటే అర సెకను ఎక్కువ పడుతోంది. అర సెకనేగా అని వదల్లేదు. తవ్వితే ఎక్స్‌జెడ్ అనే, ఫైళ్ళని కుదించే చిన్న ప్రోగ్రాము 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో కావాలని పెట్టిన దొంగదారి బయటపడింది. లైనక్స్ సర్వర్లన్నింట్లోకీ పాకకముందే దొరికింది. ఆయన ముందు సంబంధిత సెక్యూరిటీవాళ్ళకి గుట్టుగా చెప్పి, తర్వాతే మార్చి 29న అందరికీ చెప్పాడు. ఆయన పనిమంతుడు, మనం అంత తవ్వలేం, నిజమే. కానీ నిన్నటిదాకా లేనిది ఇవాళ ఎందుకు ఆలస్యమవుతోంది అన్న అనుమానం రావడానికి ఇంజినీరే కానక్కర్లేదు.

ప్రశ్న: నేను మెడికల్ రిప్రజెంటేటివ్‌ని. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మీద నడిచే యాప్ వాడతాను, నెట్ లేకపోయినా పనిచేస్తుందని. కొండల్లో కొన్ని ఊళ్ళ పేర్లు తప్పు, కొన్ని రోడ్లు లేనే లేవు. (రాయగడ)

జవాబు: అది కూడా బగ్గే, కోడులో కాకుండా పటంలో ఉంది, అంతే తేడా. 2004లో మొదలైన ఈ పటాన్ని గీసేది మనలాంటివాళ్ళే. వాళ్ళ సైట్‌లో ఖాతా తెరిచి, పటం పక్కనున్న నోట్ గుర్తు నొక్కి, తప్పున్నచోట పిన్ను పెట్టి ‘ఇక్కడ వంతెన ఉంది, బైకు మీద ఫలానా నెలలో నేనే దాటాను’ అని రాయండి. ఇంకో మ్యాపులో చూసి రాయకూడదు, లైసెన్సు ఒప్పుకోదు. కళ్ళతో చూసిందే. పేర్ల దగ్గర తగువు పడక్కర్లేదు, ఒకే ఊరికి తెలుగు పేరు, ఒడియా పేరు, ఇంగ్లీషు పేరు, పాత పేరు అన్నీ విడివిడి గళ్ళలో రాసుకోవచ్చు. మనం పర్లాకిమిడి అంటాం, ఒడియావాళ్ళు పారళాఖెముండి అంటారు, రెండూ ఉంటాయి, ఎవరి ఫోన్‌లో వాళ్ళ పేరు కనబడుతుంది.

ప్రశ్న: కంప్యూటర్‌లో మెనూలన్నీ తెలుగులో పెట్టుకున్నాను, ముచ్చటపడి. రెండో రోజే ఇంగ్లీషుకి మార్చేశాను. ఆ తెలుగు ఎవరు మాట్లాడతారండీ? ఇది తప్పు కింద రాయొచ్చా? (బ్యాంకు ఉద్యోగి, పర్లాకిమిడి)

జవాబు: మీ ఊరివాళ్ళు ఈ ప్రశ్న అడక్కపోతే ఇంకెవరు అడుగుతారు? గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పింది అక్కడే, రాజావారి బడిలో, కాలేజీలో. జనం మాట్లాడే తెలుగే రాయాలని ఊరూవాడా ఏకం చేసిన మనిషి, 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు పోతే ఊరొదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆయన ఉండి ఆ మెనూలు చూసుంటే మొదటి బగ్గు ఆయనే రాసేవారని నా అనుమానం.

తప్పకుండా రాయొచ్చు. ఇంకా మేలు, నేరుగా మార్పు సూచించొచ్చు. ఫైర్‌ఫాక్స్ అనువాదాలు పాంటూన్ అన్నచోట, లిబ్రెఆఫీస్‌వి వెబ్లేట్‌లో జరుగుతాయి. రెండింట్లోనూ ఖాతా తెరిచి, ఆ ఇంగ్లీషు వాక్యం పట్టుకుని, మీకు నచ్చిన తెలుగు సూచనగా పెడితే ఆ భాష చూసేవాళ్ళు ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. ‘భాష దరిద్రంగా ఉంది’ అని రాయకండి, చేసినవాళ్ళూ జీతం లేకుండా చేసినవాళ్ళే. ‘ఫలానా మెనూలో ఈ మాట ఉంది, బటన్‌లో పట్టక చివర తెగిపోతోంది, “దాచు” అంటే సరిపోతుంది’ అని రాయండి. ఒకసారికి ఒకే మాట. ముప్ఫై మాటలు ఒకే ఉత్తరంలో పెడితే అందులో ఒకదాని మీద గొడవ వచ్చి మిగతా 29 ఆగిపోతాయి.

పంతులుగారు సవర గిరిజనుల భాష మీద కూడా ఏళ్ళ తరబడి కూర్చున్నారు కదా. ఆ భాషకి మంగెయి గొమాంగొ 1936లో తయారుచేసిన సొరాంగ్ సొంపెంగ్ లిపి 2012లో యూనికోడ్‌లోకి వచ్చింది. దాన్ని ఫోన్‌లో, కంప్యూటర్‌లో పెట్టి అక్షరం అక్షరం సరిచూసేవాళ్ళు ఎంతమంది ఉంటారు? మీ బ్యాంకుకి వచ్చే సవర కుర్రాళ్ళలో ఆ లిపి చదివేవాళ్ళు ఉంటే ఈ పేజీ ఒకసారి చూపించండి. గుణుపురం అమ్మాయికి కూడా ఇదే మాట, మీ క్లాసులో ఉండే ఉంటారు.